ఎల్ఎస్1 ఇంజన్ వేసిన ఆర్ఎక్స్-7 కి ఏ క్లచ్ వెయ్యాలి? 4వ గేర్లో స్లిప్ అవుతోంది

ఎఫ్‌డీ_ఫ్రిస్కో:

అన్నలూ, నా దగ్గర 1994 మాజ్డా ఆర్ఎక్స్-7 ఉంది, ఎఫ్‌డీ బాడీ, అంటే మూడో తరంది. నేను కొనేటప్పటికే మాజ్డా రోటరీ ఇంజన్ తీసేసి 2000 కమారోలో వచ్చిన ఎల్ఎస్1 వీ8 ఇంజన్, దాని టీ56 ఆరు గేర్ల బాక్సు వేసేసి ఉన్నాయి. వెనక డిఫరెన్షియల్ మాత్రం మాజ్డాదే, నిష్పత్తి 4.10. పాత ఓనరు ఎక్కడో షాపులో చేయించాడంట, బిల్లులు లేవు, లోపల ఏ క్లచ్ ఉందో ఆయనకీ తెలీదు.

ప్రాబ్లమ్ ఏంటంటే 4, 5 గేర్లలో మూడున్నర వేల ఆర్‌పీఎం దగ్గర ఫుల్ యాక్సిలరేటర్ ఇస్తే మీటరు ముల్లు ఎగిరిపోతోంది, బండి మాత్రం అదే స్పీడులో ఉంటోంది. 1, 2 గేర్లలో ఏం తెలీట్లేదు. ఇంకోటి, ట్రాఫిక్‌లో బాగా వేడెక్కాక రివర్స్ పడట్లేదు, ఫస్ట్ కూడా మొండికేస్తోంది, పొద్దున చల్లగా ఉన్నప్పుడు రెండూ వెన్నలా పడతాయి.

ఇక్కడ డల్లాస్‌లో రెండు షాపుల్లో అడిగా. ఒకాయన స్టేజ్ 3 ఆరు ముక్కల సెరామిక్ ప్లేట్ వేసుకో ఇంక జన్మలో స్లిప్ అవ్వదు అన్నాడు, రెండో ఆయన ట్విన్ డిస్క్ (రెండు ప్లేట్ల క్లచ్) తప్ప వేరేది దండగ అన్నాడు, అది రెండు వేల డాలర్లకి దగ్గర్లో ఉంది. నెట్‌లో చూస్తే సగం మంది కార్వెట్ ఎల్ఎస్7 ఇంజన్‌కి వచ్చే ఫ్యాక్టరీ క్లచ్ చాలు అంటున్నారు. ఇంజన్ లోపల ఏం ముట్టుకోలేదు, స్టాకే. వాడకం వీకెండ్లు, ఎప్పుడన్నా క్రెసన్‌లో ట్రాక్ డే, మిగతాదంతా టోల్‌వే మీద ట్రాఫిక్. మా ఆవిడ కూడా నడుపుతుంది కాబట్టి పెడల్ మరీ జిమ్ములా ఉండకూడదు. గేర్‌బాక్స్ ఒకసారే దించాలి, అందుకే అడుగుతున్నా, ఏది వెయ్యమంటారు?

టీ56_హ్యూస్టన్:

తమ్ముడూ ముందు ఒక్క పార్టు కూడా ఆర్డర్ పెట్టకు. నువ్వు చెప్పినవి రెండు వేరు వేరు జబ్బులు, రెండింటికీ కలిపి ఒక మందు కొంటే ఒకటి అలాగే మిగిలిపోతుంది.

స్లిప్ అవ్వడం అంటే క్లచ్ పూర్తిగా పట్టుకోవట్లేదని. గేర్ పడకపోవడం అంటే క్లచ్ పూర్తిగా వదలట్లేదని. మొదటిది ప్లేటు, దాన్ని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు, ప్లేటు ఆనుకునే ఇంజన్ ఫ్లైవీల్, పెడల్ తొక్కితే ప్రెషర్ ప్లేటు వేళ్ళని నొక్కే రిలీజ్ బేరింగ్ ఎత్తు, వీటిల్లో ఏదో ఒకటి. రెండోది చాలా వరకు హైడ్రాలిక్స్, అంటే పెడల్ తొక్కుడుని ఆయిల్ ద్వారా క్లచ్‌కి చేర్చే భాగాలు. పై గేర్లలోనే ముందు బయటపడటం మామూలే, కింది గేర్లలో బండి చటుక్కున ముందుకి ఉరికేస్తుంది కాబట్టి ఇంజన్ ఫుల్ టార్క్ దగ్గర ఎక్కువసేపు ఉండదు, 4 లో 5 లో అక్కడే కూర్చుని తోస్తూ ఉంటుంది.

రివర్స్ గురించి ఒక మాట. కమారో టీ56 కి రివర్స్ లాకౌట్ సొలినాయిడ్ ఉంటుంది, ఇంజన్ మార్చిన బళ్ళల్లో చాలామంది దానికి వైరింగ్ ఇవ్వకుండా వదిలేస్తారు, అప్పుడు రివర్స్ వెయ్యాలంటే గట్టిగా పక్కకి తొయ్యాలి. కానీ నీకు చల్లగా ఉన్నప్పుడు పడుతోంది, పైగా ఫస్ట్ కూడా మొండికేస్తోంది, కాబట్టి అది కాదు. వేడికి హైడ్రాలిక్ లైన్లో ఏదో అవుతోంది. ఎల్ఎస్1 కి రిలీజ్ బేరింగ్‌ని తోసే స్లేవ్ సిలిండర్ బెల్‌హౌసింగ్ (క్లచ్‌ని కప్పే డొప్ప) లోపల ఇన్‌పుట్ షాఫ్ట్ చుట్టూ కూర్చుంటుంది, దాని లైను ఎడమ పక్కనుంచి బయటికి వస్తుంది, ఎఫ్‌డీ టన్నెల్‌లో అక్కడే ఎగ్జాస్ట్ హెడర్ ఉంటుంది. లైను హెడర్‌కి ఎంత దూరంలో ఉందో కిందకి దూరి చూడు, మీద హీట్ స్లీవ్ ఉందా లేదా అది కూడా. ఆయిల్ ఎప్పటిదో ఏంటో, పాత బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుని ఉంటుంది, తొందరగా మరుగుతుంది, ఆవిరి బుడగలు వచ్చాయంటే పెడల్ తొక్కినా బేరింగ్ పూర్తి దూరం జరగదు.

అట్లాగే పెడల్ దగ్గర ఆయిల్ తోసే మాస్టర్ సిలిండర్ మీద బోర్ సైజు ఎంత రాసుందో చెప్పు. మాజ్డా పాతదే ఉంచేశారా, మార్చారా?

ఎఫ్‌డీ_ఫ్రిస్కో:

థాంక్స్ అన్నా. మాస్టర్ మాజ్డాదే ఉంది, 5/8 అని ఉంది దాని మీద. లైను హెడర్‌కి రెండు వేళ్ళ దూరం కూడా లేదు, స్లీవ్ ఏం లేదు, ఉత్తి రబ్బరు గొట్టమే.

టీ56_హ్యూస్టన్:

సరే, రెండో జబ్బు సగం తేలిపోయింది. ఎల్ఎస్ స్లేవ్‌కి 3/4 అంగుళం మాస్టర్ దాకా వేస్తారు మామూలుగా. చూడ్డానికి తేడా చిన్నదే గానీ లోపల పిస్టన్ వైశాల్యం 44 శాతం పెరుగుతుంది, అంటే పెడల్ అంతే తొక్కినా 44 శాతం ఎక్కువ ఆయిల్ వెళ్తుంది, బేరింగ్ అంత ఎక్కువ జరుగుతుంది. దానికి తగ్గట్టు పెడల్ బరువు కూడా అంతే పెరుగుతుంది, అందుకే ప్రెషర్ ప్లేట్ మెత్తటిది ఎంచుకోవడం నీకు ముఖ్యం. మీ ఆవిడ గారు కూడా నడుపుతారన్నావు కదా, 7/8 జోలికి పోకు, కాలు నొప్పి తప్ప ఏం ఉండదు, పైగా స్లేవ్ పిస్టన్ అవసరానికి మించి బయటికి వచ్చేస్తుంది.

ఇక క్లచ్ సంగతి. షాపు వాళ్ళు ఇంజన్ హార్స్‌పవర్ అడిగి స్టేజ్ నంబరు చెప్పేస్తారు, అది బండి బరువునీ గేరింగ్‌నీ లెక్కలోకి తీసుకోదు. లెక్క వేసి చూద్దాం.

క్లచ్ పట్టుకునే టార్క్ అంటే ఎన్ని రాపిడి ముఖాలు ఉన్నాయి, రాపిడి గుణకం ఎంత, ప్రెషర్ ప్లేట్ ఎంత గట్టిగా నొక్కుతోంది, సగటు వ్యాసార్థం ఎంత, ఈ నాలుగింటి గుణకారం. ఎల్ఎస్7 ప్లేటు 290 మిల్లీమీటర్లు, సగటు వ్యాసార్థం 0.12 మీటరు అనుకో. ఒక ప్లేటుకి రెండు ముఖాలు. ఆర్గానిక్ లైనింగ్‌కి గుణకం 0.3, ఉదాహరణకి 9000 న్యూటన్ల నొక్కుడు. గుణిస్తే 648 న్యూటన్ మీటర్లు, అంటే 478 పౌండ్-ఫుట్. నీ ఎల్ఎస్1 ఫ్యాక్టరీలోంచి వచ్చింది 350 లోపే. ఎల్ఎస్7 ఇంజనే 470 ఇస్తుంది, 2006 కార్వెట్ జెడ్06 ఆ ఇంజన్‌తో, ఈ రకం క్లచ్‌తోనే బయటికి వచ్చింది.

అదే ప్లేటు బాగా కాలిపోయి గుణకం 0.2 కి పడిపోయిందనుకో, అదే లెక్క 319 కి దిగిపోతుంది. స్టాక్ ఎల్ఎస్1 కే స్లిప్ అవుతుంది. అందుకే ఏ క్లచ్ అయినా కాలకుండా చూసుకోవడమే అసలు పని.

వేడి విషయంలో నీ బండి అదృష్టం చూడు. కమారో మూడు వేల నాలుగైదు వందల పౌండ్లు, 3.42 డిఫరెన్షియల్, ఫస్ట్ గేర్ 2.66, మొత్తం 9.1. నీది 2850 పౌండ్లు వేసుకుందాం, అదే ఫస్ట్ గేర్ 4.10 తో కలిపితే 10.9. బండి కదిలించేటప్పుడు క్లచ్‌లో పుట్టే వేడి బరువుని బట్టి పెరుగుతుంది, గేర్ నిష్పత్తి వర్గాన్ని బట్టి తగ్గుతుంది. టైరు సైజు ఇంచుమించు ఒకటే కాబట్టి అది పక్కన పెట్టేస్తే, ఒకే ఆర్‌పీఎం దగ్గర వదిలితే నీ క్లచ్ మీద పడేది కమారో మీద పడేదాంట్లో సుమారు 60 శాతమే. కమారోలో బతికే క్లచ్ నీ దగ్గర హాయిగా బతుకుతుంది.

కాబట్టి నా ఓటు ఎల్ఎస్7 ఫ్యాక్టరీ సెట్టు, ఫ్లైవీల్‌తో కలిపి కొను. ట్విన్ కన్నా చాలా తక్కువకే దొరుకుతుంది.

ఎన్నిస్_క్వార్టర్‌మైల్:

హ్యూస్టన్ అన్న లెక్క కరెక్టే గానీ ఒకటి వదిలేశారు. నేను ఎన్నిస్‌లో టెక్సస్ మోటర్‌ప్లెక్స్ డ్రాగ్ రేసు ట్రాక్‌కి వెళ్తుంటా, డ్రాగ్ రేడియల్ టైర్లతో ఐదు వేల ఆర్‌పీఎం దగ్గర క్లచ్ వదిలితే ఎల్ఎస్7 ఆర్గానిక్ ప్లేటు వాసన మొదటి సాయంత్రమే తెలుస్తుంది. ఆర్‌పీఎం రెట్టింపు అయితే వేడి నాలుగింతలు. ఇంజన్ బలం పెంచడానికి రేపు కామ్‌షాఫ్ట్ మారుస్తావు, ఎల్లుండి నైట్రస్ అంటావు, అందరం అక్కడికే వస్తాం, అప్పుడు మళ్ళీ గేర్‌బాక్స్ దించడం ఎందుకు, ఇప్పుడే ట్విన్ వేసేసుకో. ట్విన్‌లో రెండు ప్లేట్లు కాబట్టి ముఖాలు నాలుగు, అదే నొక్కుడుకి రెట్టింపు పట్టు, అంటే ప్రెషర్ ప్లేట్ మెత్తగా ఉన్నా సరిపోతుంది, పెడల్ కూడా తేలికే. మీ ఆవిడ గారికి ఇబ్బంది ఏం ఉండదు.

సెరామిక్ ముక్కల ప్లేట్ మాత్రం వద్దే వద్దు. అది పట్టుకుంటే పూర్తిగా పట్టుకుంటుంది లేకపోతే పూర్తిగా వదిలేస్తుంది, మధ్యలో ఏం లేదు. టోల్‌వే ట్రాఫిక్‌లో బండి కుక్క దులుపుకున్నట్టు వణుకుతుంది.

టీ56_హ్యూస్టన్:

డ్రాగ్‌కి వెళ్ళేవాళ్ళకి ట్విన్ కరెక్టే, నేను కాదనను. కానీ తమ్ముడు డ్రాగ్ అనలేదు, రోడ్డు, అప్పుడప్పుడు ట్రాక్ డే అన్నాడు. ట్రాక్ మీద క్లచ్‌కి పెద్ద పని ఉండదు, పిట్‌లోంచి ఒకసారి కదిలాక గేర్ మార్చినప్పుడు తప్ప స్లిప్పే లేదు, డౌన్‌షిఫ్ట్‌కి ఆర్‌పీఎం కలిపి వేస్తే అది కూడా ఉండదు. క్లచ్‌ని చంపేది స్టార్టింగ్ లైను, ఎత్తు మీద ట్రాఫిక్.

ఇంకో సంగతి, వెనక మాజ్డా డిఫరెన్షియల్ అలాగే ఉంది. అది 217 పౌండ్-ఫుట్ ఇచ్చే 13బీ రోటరీకి చేసింది. ఇప్పుడు దాని మీద 350 దాకా పడుతోంది. మెల్లగా పట్టుకునే క్లచ్ ఉంటే ఆ దెబ్బ కొంత ప్లేటు స్ప్రింగులు, లైనింగ్ మింగేస్తాయి. సెరామిక్ అయినా గట్టి ట్విన్ అయినా ఒక్కసారిగా కరిచిందంటే ఆ దెబ్బంతా నేరుగా డిఫరెన్షియల్ పళ్ళ మీదికి, యాక్సిల్ షాఫ్టుల మీదికి పోతుంది. క్లచ్ పాడైతే క్లచ్ ఖర్చే, డిఫరెన్షియల్ పగిలితే దాని బ్రాకెట్లతో సహా మొత్తం మార్చాలి. నేనైతే క్లచ్ అరిగిపోతేనే సంతోషిస్తా.

ట్విన్‌కి ఖాళీలో పెడల్ తొక్కినప్పుడు మధ్య ప్లేటు గలగల శబ్దం కూడా ఉంటుంది, కొందరికి అది పడదు.

రేటింగులు పోల్చేటప్పుడు కూడా జాగ్రత్త. ఒక కంపెనీ ఫ్లైవీల్ దగ్గర టార్క్ రాస్తుంది, ఇంకోటి చక్రాల దగ్గర హార్స్‌పవర్ రాస్తుంది, రెండు 500 లు ఒకటి కాదు. క్లచ్‌కి తెలిసేది టార్క్ ఒక్కటే.

ఆటోనగర్_లేత్:

విజయవాడ ఆటోనగర్ నుంచి రాస్తున్నానండీ. మా దగ్గర ఆ బళ్ళు రావు, లారీలు బస్సులే, కానీ క్లచ్ ఎక్కడైనా క్లచ్చే కదా, అందుకని చెబుతున్నా.

స్లిప్ అంటున్నారు కదా, గేర్‌బాక్స్ దించాక ప్లేట్ అరిగిందా లేదా అని ఒక్కటే చూసి పక్కన పడెయ్యకండి. ముందు బెల్‌హౌసింగ్ లోపల ఆయిల్ తడి ఉందేమో వేలితో తుడిచి చూడండి. తడి ఉంటే ఇంజన్ ఆయిలా గేర్ ఆయిలా వాసన బట్టి తెలుస్తుంది, గేర్ ఆయిల్ అయితే ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు, ఇంజన్ ఆయిల్ అయితే క్రాంక్ వెనక సీలు. ఆయిల్ తాగిన లైనింగ్ మీద ఎంత ఖరీదు ప్రెషర్ ప్లేట్ పెట్టినా జారుతూనే ఉంటుంది, సీలు మార్చకుండా కొత్త ప్లేట్ వేస్తే అది కూడా నెల తిరక్కుండా అదే దారి.

ఫ్లైవీల్ మొహం చూడండి. నీలం రంగు మచ్చలు, సన్నటి జుట్టులాంటి పగుళ్ళు ఉంటే బాగా కాలిందని. మచ్చలున్న చోట ఇనుము గట్టిపడిపోతుంది, పైపైన ఎమరీ కొడితే మచ్చ పోతుంది గానీ ఆ గట్టి చోటు అలాగే ఉంటుంది, లేత్ మీద గానీ గ్రైండర్ మీద గానీ సమంగా తీస్తేనే పనికొస్తుంది. పగుళ్ళు లోతుగా ఉంటే మార్చెయ్యాల్సిందే, తిరిగేది తలకి దగ్గర్లో కాదు గానీ కాళ్ళకి దగ్గర్లోనే కదండీ. మొహం తీయించినప్పుడు ఎంత తీశారో రాసుకోండి, తీసినంత మేర క్లచ్ మొత్తం ఇంజన్ వైపుకి జరుగుతుంది, బేరింగ్ కొలత మారిపోతుంది.

ప్రెషర్ ప్లేట్ వేళ్ళ చివర్లు కూడా చూడండి, ఒక పక్క ఎక్కువ అరిగి ఉంటే బేరింగ్ నడిమధ్యలో కూర్చోవట్లేదని అర్థం.

టీ56_హ్యూస్టన్:

లేత్ గారు బేరింగ్ కొలత అన్నారు, అది విడిగా రాయాల్సిన విషయం. తమ్ముడూ ఇది మాత్రం తప్పకుండా చెయ్యి, ఎల్ఎస్ ఇంజన్ వేసిన బళ్ళల్లో సగానికి తేడా కొట్టేది ఇక్కడే.

స్లేవ్‌తో కలిసి ఉండే రిలీజ్ బేరింగ్‌కి బయట సర్దుబాటు ఏం ఉండదు, కాబట్టి దాని ఖాళీ నువ్వే కొలుచుకోవాలి. క్లచ్ ఇంజన్‌కి బిగించేసి బెల్‌హౌసింగ్ కూడా పెట్టి, బెల్‌హౌసింగ్ వెనక మొహం నుంచి ప్రెషర్ ప్లేట్ వేళ్ళ దాకా ఎంత లోతుందో కొలువు. తర్వాత గేర్‌బాక్స్ మీద స్లేవ్ పెట్టి బేరింగ్‌ని పూర్తిగా లోపలికి నొక్కి పట్టుకుని, గేర్‌బాక్స్ మొహం నుంచి బేరింగ్ మొహం దాకా ఎంత ఎత్తుందో కొలువు. మొదటిదాంట్లోంచి రెండోది తీసెయ్. 0.150 నుంచి 0.200 అంగుళం మధ్య రావాలి.

ఖాళీ ఎక్కువైతే స్లేవ్ పిస్టన్ దాని హద్దు దాటి బయటికి వచ్చి సీలు దగ్గర ఆయిల్ కక్కుతుంది, లేదా క్లచ్ పూర్తిగా వదలదు. అప్పుడు స్లేవ్ వెనక షిమ్, అంటే ఖాళీ పూడ్చే పల్చటి రేకు పెడతారు. ఖాళీ తక్కువైతే ఇంకా ప్రమాదం. ప్లేట్ అరిగే కొద్దీ వేళ్ళు గేర్‌బాక్స్ వైపుకి వస్తాయి, బేరింగ్ అప్పటికే అడుగు తగిలేసి ఉంటే వేళ్ళకి వెనక్కి రావడానికి చోటుండదు, పెడల్ మీద కాలు పెట్టకపోయినా కొంచెం తొక్కినట్టే ఉంటుంది. అప్పుడు స్లిప్ మొదలవుతుంది, జనం క్లచ్ వీక్ అనుకుని ఇంకా గట్టిది కొంటారు, అది కూడా స్లిప్ అవుతుంది.

దించినప్పుడు పాత క్లచ్‌తోనే ఒకసారి ఈ కొలత తియ్యి. కొత్తది పెట్టాక మళ్ళీ తియ్యి.

క్రాంక్ కూడా చూసుకో. 1999, 2000 లో వచ్చిన ట్రక్ 6.0 లీటర్ల ఇంజన్లలో కొన్నిటికి క్రాంక్ వెనక అంచు 0.4 అంగుళం పొడుగు ఉంటుంది, వాటికి మామూలు ఎల్ఎస్ ఫ్లైవీల్ లెక్క కుదరదు. ఎల్ఎస్1 అని చెప్పి ట్రక్ ఇంజన్ వేసినవి బోలెడు తిరుగుతున్నాయి. ఎల్ఎస్1 బ్లాక్ అల్యూమినియం, ఆ ట్రక్‌వి ఇనుము, అయస్కాంతం పెడితే క్షణంలో తెలిసిపోతుంది.

ఎఫ్‌డీ_ఫ్రిస్కో:

అన్నలూ గేర్‌బాక్స్ దించేశా, ఫ్రెండు గ్యారేజీలో లిఫ్ట్ ఉంది కాబట్టి సరిపోయింది, టన్నెల్‌లో పై బోల్టులు మాత్రం చుక్కలు చూపించాయి. అయస్కాంతం అంటుకోలేదు, బ్లాక్ అల్యూమినియమే, క్రాంక్ కూడా మామూలుదే.

ఇప్పుడు అసలు విషయం. లోపల ఉన్నది మామూలు ఆర్గానిక్ ప్లేటే, మందం ఇంకా బోలెడంత ఉంది, రివెట్లు లోతులోనే ఉన్నాయి. కానీ మొహం మొత్తం గ్లేజ్ అయిపోయి నున్నగా మెరుస్తోంది, గోరుతో గీస్తే జారిపోతోంది. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు చుట్టూ ఉన్నాయి, రెండు చోట్ల సన్న పగుళ్ళు. ఆయిల్ తడి మాత్రం ఎక్కడా లేదు, బెల్‌హౌసింగ్ లోపల పొడి నల్ల దుమ్మే.

హ్యూస్టన్ అన్న చెప్పినట్టు పాత క్లచ్‌తోనే కొలిచా, ఖాళీ 0.040 వచ్చింది!! నమ్మబుద్ధి కాక మళ్ళీ కొలిచా, అదే. చూస్తే స్లేవ్ వెనక ఎవరో 0.090 షిమ్ పెట్టారు. ఎందుకు పెట్టారో అర్థం కాలేదు, బహుశా గేర్లు పడట్లేదని ఈ మార్గం వెతికారేమో.

టీ56_హ్యూస్టన్:

అదీ సంగతి. ఆ షిమ్ పెట్టినాయన క్లచ్ వదలని జబ్బుకి మందు వేశాడు, మందేమో స్లిప్ తెచ్చింది. 5/8 మాస్టర్‌తో ఆయిల్ చాలక క్లచ్ వదలట్లేదు, బేరింగ్‌ని షిమ్‌తో ముందుకి జరిపితే తక్కువ ప్రయాణంలోనే వేళ్ళని నొక్కేస్తుంది కదా, కొన్నాళ్ళు గేర్లు పడి ఉంటాయి. తర్వాత ప్లేట్ కాస్త అరగ్గానే ఖాళీ తినేసింది, ఇంజన్ వేడెక్కితే లోపల అన్నీ కొంచెం పెరుగుతాయి, బేరింగ్ వేళ్ళ మీద కూర్చుండిపోయింది, ప్లేట్ జారడం, జారి కాలడం, కాలి ఇంకా జారడం. ఇందులోకి ట్విన్ డిస్క్ తెచ్చిపెట్టినా ఖాళీ కొలవకుండా పెడితే అదీ ఇట్లాగే అయ్యేది.

ఇప్పుడు పని ఇట్లా పెట్టుకో. ఎల్ఎస్7 ప్లేటు, ప్రెషర్ ప్లేటు, దాని ఫ్లైవీలు. పాత ఫ్లైవీల్‌కి పగుళ్ళున్నాయి కాబట్టి మొహం తీయించే ప్రసక్తి లేదు. కొత్త స్లేవ్ కూడా కచ్చితంగా వెయ్యి, ఎందుకంటే అది కారితే మళ్ళీ గేర్‌బాక్స్ మొత్తం దించాలి, దానికి మిగుల్చుకునే డబ్బు ఈ కష్టం ముందు ఏపాటిది. ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్కుని పట్టే పైలట్ బేరింగ్ రెండు సైజులు ఉంటాయి, చిన్నది క్రాంక్ లోపలికి లోతుగా కూర్చుంటుంది, పెద్దది క్రాంక్ అంచు దగ్గరే ఆగుతుంది, నీ ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్కు ఎక్కడిదాకా వస్తుందో చూసుకుని అది వేసుకో. స్లేవ్‌కి ఎయిర్ తీసే స్క్రూ బెల్‌హౌసింగ్ మీద పైన ఎక్కడో ఉంటుంది, ఎఫ్‌డీ టన్నెల్‌లో చెయ్యి పట్టదు, ఇప్పుడే పొడుగు బ్లీడర్ లైన్ పెట్టి ఇంజన్ బే లోకి తెచ్చేసుకో. రబ్బరు గొట్టం తీసేసి స్టీల్ అల్లిక గొట్టం, దాని మీద హీట్ స్లీవ్, హెడర్‌కి దూరంగా మళ్ళించి క్లిప్పులతో కట్టు. కొత్త డాట్ 4 బ్రేక్ ఆయిల్.

ఫ్లైవీల్ బోల్టులు కొత్తవి వాడు. ఎల్ఎస్ క్రాంక్‌లో ఆ బోల్టు రంధ్రాలు లోపల ఇంజన్ ఆయిల్ ఉండే చోటుకి తెరుచుకుంటాయి, కొత్త బోల్టులకి సీలెంట్ పూసి ఉంటుంది, లేకపోతే నువ్వు పూసుకో. ఆ జాగ్రత్త తీసుకోకే చాలామంది క్రాంక్ సీలు కారుతోందని సీలు మార్చి మార్చి విసిగిపోతారు. బిగించడం మూడు విడతలు, అన్నీ 15, తర్వాత అన్నీ 37, తర్వాత 74 పౌండ్-ఫుట్. ప్రెషర్ ప్లేట్ బోల్టులు 52. ప్రెషర్ ప్లేట్‌ని మాత్రం ఒక బోల్టు పూర్తిగా బిగించి రెండోదానికి పోకు, ఎదురెదురుగా కొంచెం కొంచెం తిప్పుతూ సమంగా దించు, సెల్ఫ్ అడ్జస్టింగ్ రకం అయితే వంకరగా దిగితే లోపలి రింగు జరిగిపోయి కొత్తదే పాడవుతుంది.

ఎన్నిస్_క్వార్టర్‌మైల్:

0.040 చూశాక నేను ట్విన్ మాట వెనక్కి తీసుకుంటున్నా, ఈ బండికి ఎల్ఎస్7 చాలు. ఒక ప్రశ్న, ఫ్లైవీల్ అల్యూమినియంది వేస్తే ఎలా ఉంటుంది తమ్ముడికి? బండి తేలిక కదా, ఆర్‌పీఎం చకచకా ఎక్కుతుంది.

టీ56_హ్యూస్టన్:

ఎక్కుతుంది, ట్రాక్ మీద ఆ హాయి నిజమే. కానీ ట్రాఫిక్‌లో కదిలేటప్పుడు ఇంజన్ ఆర్‌పీఎం తొందరగా పడిపోతుంది, దాన్ని ఆపడానికి క్లచ్ ఇంకాస్త జార్చాలి, ఆ వేడి మళ్ళీ ప్లేట్ మీదే. ఇద్దరు నడిపే బండికి నేను ఫ్యాక్టరీ ఇనుప ఫ్లైవీలే ఇష్టపడతా.

ఎఫ్‌డీ_ఫ్రిస్కో:

అన్నా అన్నీ వేసేశా. షిమ్ తీసేసి కొత్త క్లచ్‌తో కొలిస్తే 0.165, షిమ్ అవసరం పడలేదు. 3/4 మాస్టర్ వేశాం, దానికి పెడల్ రాడ్ పొడవు సర్దుకోవాల్సి వచ్చింది. వేడెక్కాక కూడా రివర్స్ ఒక్క వేలితో పడుతోంది! పెడల్ ముందుకన్నా బరువే గానీ మా ఆవిడ కాలనీలో రెండు రౌండ్లు వేసి బానే ఉంది అంది. ఒక డౌటు, పెడల్ నేల దాకా తొక్కితే బేరింగ్ అవసరానికి మించి పోతుందేమో అనిపిస్తోంది, సగం దాటగానే గేర్ పడిపోతోంది. ఇంకా ఫుల్ యాక్సిలరేటర్ ఎప్పటినుంచి ఇవ్వచ్చు?

టీ56_హ్యూస్టన్:

కరెక్టుగా పట్టుకున్నావు, పెడల్ స్టాప్ పెట్టుకో. వెనక చక్రాలు జాకీ మీద లేపి, కింద స్టాండ్లు పెట్టి, ఇంజన్ ఆపేసి ఫస్ట్ గేర్లో ఉంచి, ఎవరన్నా చక్రం చేత్తో తిప్పుతూ ఉంటే నువ్వు పెడల్ మెల్లగా తొక్కు. చక్రం ఫ్రీగా తిరగడం మొదలైన చోటు నుంచి ఇంకో అంగుళం వదిలి అక్కడ స్టాప్ బోల్టు నిలబెట్టు. వేడెక్కాక ఇంకోసారి చూసుకో, రివర్స్ ఏమాత్రం గరగరమన్నా స్టాప్ కొంచెం కిందకి దించు.

ఆర్గానిక్ ప్లేట్‌కి 500 మైళ్ళు మెత్తగా తిప్పు, అది కూడా ఊళ్ళో ఆగుతూ కదులుతూ తిప్పిన మైళ్ళు. టోల్‌వే మీద ఆరో గేర్లో పోయిన మైళ్ళు లెక్కలోకి రావు, అక్కడ ప్లేట్ అసలు రుద్దుకోదు కదా. అప్పటిదాకా లాంచులు వద్దు, 4 లో 5 లో ఫుల్ తొక్కుడు వద్దు. అయిపోయాక 4వ గేర్లో రెండు వేల నుంచి ఫుల్ ఇచ్చి చూడు, ముల్లు, బండి కలిసి ఎక్కాలి. క్రెసన్‌కి ఆ తర్వాతే.

ఆటోనగర్_లేత్:

మొదటి వంద మైళ్ళ తర్వాత ఒకసారి బెల్‌హౌసింగ్ కింద తడి ఉందేమో చూసి, ఆయిల్ డబ్బాలో లెవెల్ కూడా చూసుకోండి. కొత్త లైన్ల జాయింట్లు కారితే అప్పటికే తెలిసిపోతుంది.